ధైర్యం కూడా చిన్నమొత్తాల పొదుపే

భయం లేని మనిషి ఉంటాడా? ఉంటాడని నేననుకోను. తనకు భయం లేదని చెప్పుకునేవాళ్ళు మాత్రం చాలామంది ఉంటారు. బల్లిని చూస్తే కుర్చీ ఎక్కే వస్తాదులూ, పరీక్ష హాలు గుమ్మంలో కడుపునొప్పి వచ్చే ఫస్టు ర్యాంకు విద్యార్థులూ, ఇంట్లో పులిలా గర్జించి, ఆఫీసులో పైఅధికారి పిలిస్తే చొక్కా గుండీలు సర్దుకునే పెద్దమనుషులూ మనకు తెలియనివాళ్ళేమీ కారు. ఒక్కోసారి అద్దంలో చూసుకుంటే వాళ్ళలో మనమూ కనబడతాం.

నిజానికి భయం అంత చెడ్డదేమీ కాదు. సాయంత్రం ఆరు గంటల వేళ సర్జాపుర రోడ్డు దాటడానికి భయపడనివాణ్ణి ధైర్యవంతుడని ఎవరూ అనరు. గుండె దడదడ కొట్టుకోవడం, నోరు ఎండిపోవడం, అరచేతులు చెమర్చడం ఇవన్నీ ప్రమాదం వచ్చినప్పుడు తలపడటానికో, పారిపోవడానికో శరీరం చేసుకునే ఏర్పాట్లని వాల్టర్ కానన్ అనే అమెరికన్ శరీరశాస్త్రవేత్త 1915లోనే ఒక పుస్తకంలో వివరించాడు. చిక్కెక్కడ వస్తుందంటే, పులి ఎదురైతే పనికొచ్చే ఈ ఏర్పాటు, మైకు ముందు నిలబడ్డా, తెలియని నంబరు నుంచి ఫోను మోగినా, లిఫ్టు తలుపు మూసుకున్నా కూడా అంతే జోరుగా పనిచేస్తుంది. పాపం శరీరానికి పులికీ మైకుకీ తేడా తెలియదు.

నేను వాణిజ్యశాస్త్రం చదువుకున్నవాణ్ణి. మనస్తత్వశాస్త్రం నాకు రాదు. అయితే ముప్పై ఏళ్ళుగా బ్యాంకు కౌంటరు వెనక కూర్చుని మనుషుల ముఖాలు చూస్తున్నాను. అప్పు అడగడానికి వచ్చి, వడ్డీరేటు మాత్రం కనుక్కుని వెళ్ళిపోయే రైతుల్నీ, సంతకం పెట్టేటప్పుడు చెయ్యి వణికే ఆడవాళ్ళనీ చూశాను. ఇన్నేళ్ళలో నాకు అర్థమైంది ఇది. ధైర్యం లాటరీలో తగిలే సొమ్ము కాదు. చిన్నమొత్తాల పొదుపు లాంటిది. కొద్దికొద్దిగా జమ చేసుకుంటూ పోవాలి. పైగా ఈ ఖాతాను ఒంటరిగా నడపడం కష్టం. జాయింటు ఖాతా అయితేనే బాగా పెరుగుతుంది.

ఇది నాకు బోధపడింది పుస్తకాల వల్ల కాదు, మా అమ్మ వల్ల.

మాది కృష్ణాజిల్లా దివిసీమ. 1977 నవంబరు 19న వచ్చిన ఉప్పెన సంగతి పెద్దవాళ్ళకు గుర్తు చేయనక్కరలేదు. 10,000 మందికి పైగా చనిపోయారని అంచనా. నాకప్పుడు ఏడేళ్ళు. ఊళ్ళో ఉన్న ఒక్క మేడ మీద ముప్పై నలభైమందిమి చేరాం. బయట గాలి హోరు, కింద నీళ్ళ హోరు, లోపల కటిక చీకటి. మా అమ్మ ఆ రాత్రంతా మా ముగ్గురు పిల్లల్నీ తన కొంగుకు ముడివేసుకుని కూర్చుంది. కంటికి ఏమీ కనబడదు గనుక తలలు తడిమి లెక్కపెట్టేది. ఒకటి, రెండు, మూడు. కాసేపాగి మళ్ళీ ఒకటి, రెండు, మూడు. తెల్లవారేదాకా అదే పని.

పెద్దయ్యాక అడిగాను, "ఆ రాత్రి నీకు భయం వేయలేదా అమ్మా?" అని.

"వేయకేంరా! కానీ లెక్క తప్పితే ఎట్లా? అందుకని భయపడే తీరిక లేకపోయింది" అంది.

అటువంటి మా అమ్మ, నాన్నగారు పోయాక సర్జాపురకు మా దగ్గరకు వచ్చి, లిఫ్టును చూసి భయపడింది. మేముండేది ఏడో అంతస్తు. మోకాళ్ళ నొప్పులతో మెట్లు దిగలేదు. లిఫ్టు తలుపు మూసుకుంటే "పెట్టెలో పెట్టి మూత వేసినట్టుంటుందిరా" అనేది. మూడు నెలలు గుమ్మం దాటలేదు. బాల్కనీలో కుర్చీ వేసుకుని, కింద ఆడుకునే పిల్లలను చూస్తూ కూర్చునేది. ఎందుకమ్మా అంటే, "కిందికి పోయి నేను చేసేదేముంది? నాకు కావలసినవన్నీ ఇక్కడే ఉన్నాయిగా" అనేది.

మీరూ గమనించే ఉంటారు. భయం ఎప్పుడూ తన అసలు పేరు చెప్పుకోదు. "తీరిక లేదు", "ఇష్టం లేదు", "ఈ వయసులో నాకెందుకు" అనే మారుపేర్లతో తిరుగుతుంది. మెల్లమెల్లగా అమ్మ మాటలు తగ్గిపోయాయి. తినడం తగ్గింది. ఊళ్ళో ఇంటికి తాళం పడింది, ఇక్కడ ఇంటి తలుపు ఆమే వేసుకుంది. ఉప్పెనకు చిక్కని మనిషి ఒక కుర్చీలోకి కుంచించుకుపోతుంటే చూడలేకపోయాం. "ఏమీ కాదమ్మా, మేమున్నాంగా" అని ఇంట్లో అందరమూ అన్నాం. ఆ మాటతో భయం పోయినవాళ్ళు లోకంలో ఎవరూ ఉన్నట్టు లేరు.

దారి చూపింది పి.యు.సి. చదువుతున్న మా చిన్నమ్మాయి. ఒకరోజు సాయంత్రం లిఫ్టు ఎదురుగా రెండు కుర్చీలు వేసింది. "నానమ్మా, ఇవాళ మనం ఎక్కొద్దు. పోయినవాళ్ళందరూ తిరిగొస్తున్నారో లేదో లెక్కపెడదాం, అంతే" అంది. లెక్క అనేసరికి అమ్మ ముఖంలో కాస్త కళ వచ్చింది. ఇద్దరూ గంటసేపు కూర్చుని లెక్కపెట్టారు. ఇంట్లోకి వచ్చి, "తొమ్మిదిమంది పోయార్రా, ఎనిమిదిమంది వచ్చారు. ఆ కళ్ళజోడు కుర్రాడొక్కడే రావాలి" అంది. మర్నాడు ఆ కుర్రాడు కనబడ్డాక గాని ఆమె మనసు కుదుటపడలేదు.

తరువాత మూడు రోజులు లిఫ్టు తలుపు పట్టుకుని ఉంచి, లోపల కాలు పెట్టి బయటకు రావడం. ఆ తరువాత ఆపద గంట నొక్కి, సెక్యూరిటీ అతను పలుకుతాడో లేదో తనే స్వయంగా పరీక్ష చేసుకోవడం. అతను పలికాడు. అప్పుడు ఒక్క అంతస్తు. ఆ ఒక్క అంతస్తుకే పది రోజులు పట్టింది. నాలుగో వారంలో కిందికి దిగి, మట్టిమీద కాలు పెట్టి, "అమ్మయ్య" అని వేపచెట్టు కింద బెంచీ మీద కూర్చుంది.

ఇప్పుడు రోజూ వెళుతుంది. అక్కడ ఒక కన్నడ అవ్వ, ఒక తమిళ పాటి, బెంగాలు నుంచి వచ్చిన ఒక పెద్దావిడ. ఒకరి భాష ఒకరికి సరిగ్గా రాదు. అయినా కోడళ్ళ కబుర్లకు కొరత లేదని వింటున్నాను. ఒకసారి కరెంటు పోయి, జనరేటరు అందుకునేలోపల లిఫ్టు మధ్యలో ఆగిపోయింది. లోపల అమ్మ ఒక్కతే ఉంది. మేము హడలిపోయి పరుగెత్తాం. తలుపు తెరుచుకుని నింపాదిగా బయటకు వచ్చి, "ముప్పైనాలుగు లెక్కపెట్టేసరికి కదిలిందిరా" అంది.

"అయితే భయం పోయినట్టేనా అమ్మా?" అన్నాను.

"ఎక్కడికి పోతుంది? అదీ నాతోబాటే లిఫ్టెక్కుతోంది. ఇదివరకు అది నన్ను కదలనిచ్చేది కాదు. ఇప్పుడు నేనే దాన్ని వెంటబెట్టుకుని పోతున్నాను."

మా అమ్మాయి తనకు తోచినట్టు చేసిన ఈ పద్ధతికి నూరేళ్ళ చరిత్ర ఉందని తరువాత చదివాను. 1924లో మేరీ కవర్ జోన్స్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రజ్ఞురాలు మూడేళ్ళు నిండని పీటర్ అనే పిల్లవాడి గురించి ఒక వ్యాసం ప్రచురించింది. వాడికి కుందేలంటే హడల్. కుందేలును పంజరంలో పెట్టి దూరంగా ఉంచి, వాడికి ఇష్టమైనవి తినిపిస్తూ, రోజురోజుకూ కొంచెం కొంచెం దగ్గరకు తెచ్చారు. భయం లేని మరికొందరు పిల్లల్ని కూడా వాడి పక్కన ఉంచారు. చివరకు కుందేలు తన వేళ్ళు కొరుకుతున్నా ఊరుకునేంతగా మారాడు పీటర్. దక్షిణాఫ్రికాకు చెందిన జోసెఫ్ వోల్పే అనే వైద్యుడు ఇటువంటి పద్ధతినే క్రమబద్ధం చేసి 1958లో పుస్తకం రాశాడు. ఈనాటి డాక్టర్లు అనవసర భయాలకు చేసే చికిత్సలో ఇదొక ముఖ్యమైన భాగం. చిన్న మెట్టు, పక్కన తోడు. రహస్యమంతా ఈ రెండింటిలోనే ఉంది.

మన పెద్దలకు ఇది తెలియదా అంటే, బాగా తెలుసు. విరాటపర్వంలో ఉత్తరకుమారుడి కథ గుర్తు చేసుకోండి. అంతఃపురంలో ఆడవాళ్ళ ముందు అతను పలికిన ప్రగల్భాలే మనకు సామెతగా మిగిలాయి. కౌరవసేనను చూసి రథం దిగి పరుగెత్తాడని నవ్వుకుంటాం. ఆ తరువాతి కథ మర్చిపోతాం. బృహన్నల వేషంలో ఉన్న అర్జునుడు అతన్ని పట్టుకుని వెనక్కు తెచ్చాడే గాని, ఛీ పిరికివాడా అని వదిలిపెట్టలేదు. యుద్ధం చేయమనీ అనలేదు. ముందు జమ్మిచెట్టెక్కి ఆయుధాల మూట దించమన్నాడు. అది శవమేమోనని ఉత్తరుడు జంకాడు. కాదని చెప్పి ఎక్కించాడు. తరువాత పగ్గాలు చేతికిచ్చి, నువ్వు రథం తోలు, యుద్ధం సంగతి నేను చూసుకుంటానన్నాడు. గంట క్రితం పారిపోయిన ఆ కుర్రవాడే భీష్మద్రోణుల ఎదుటికి రథం తోలాడు. చేయగలిగినంత పని అప్పగించి పక్కన నిలబడే మనిషి ఒకడుంటే, ఉత్తరుడు కూడా సారథి అవుతాడు.

ఇది పురాణకథ, మనకేం పట్టింది అనకండి. బొంబాయి కోర్టులో మొదటి కేసులో లేచి నిలబడి, నోట మాట రాక కూర్చుండిపోయిన యువ న్యాయవాది గాంధీ. ఫీజు కూడా తిరిగి ఇచ్చేశాడు. ఆ సంగతి తన ఆత్మకథలో ఆయనే రాసుకున్నాడు. అదే మనిషి 1893లో ప్రిటోరియాలో అక్కడి భారతీయులను సమావేశపరచి, జీవితంలో మొట్టమొదటి బహిరంగ ఉపన్యాసం ఇచ్చాడు. దాని విషయం వ్యాపారంలో సత్యం పాటించడం. బి.కాం. చదివిన నాబోటివాడికి ఈ వివరం మహా ఇష్టం.

మన దుర్గాబాయి గారి సంగతి చూడండి. 1923లో కాకినాడలో కాంగ్రెసు మహాసభ జరిగింది. అక్కడి ఖద్దరు ప్రదర్శనకు వాలంటీరుగా నిలబడ్డ దుర్గాబాయికి 14 ఏళ్ళు. టిక్కెట్టు లేనివాళ్ళను లోపలికి పంపవద్దని చెప్పారు. జవహర్లాల్ నెహ్రూ టిక్కెట్టు లేకుండా వచ్చారు. ఆమె ఆపేసింది. నిర్వాహకులు కంగారుపడ్డా, టిక్కెట్టు వచ్చాకే లోపలికి పోనిచ్చింది. నెహ్రూ ఆ పిల్లను మెచ్చుకున్నారు. అంత ధైర్యం ఆమెకు ఆ ఒక్క రోజులో ఊడిపడలేదు. అంతకు ముందే రాజమండ్రిలో తను నేర్చుకున్న హిందీని నలుగురు ఆడవాళ్ళకు నేర్పుతూ, నలుగురిలో నిలబడటం అలవాటు చేసుకున్న పిల్ల ఆమె. కాకినాడలో ఖర్చుపెట్టింది రాజమండ్రిలో కూడబెట్టిన ధైర్యమే. తరువాత ఆంధ్ర మహిళా సభను స్థాపించినా, రాజ్యాంగ సభలో మాట్లాడినా అదే ఖాతా పెరుగుతూ వచ్చింది.

పెద్దల మాట పక్కనపెట్టి మనలాంటి వాళ్ళ విషయానికి వద్దాం. సొంత రాష్ట్రం విడిచి వచ్చినవాళ్ళందరికీ ఉండే మొదటి భయం భాష. నాకు ఆఫీసరుగా ప్రమోషన్ ఇచ్చి హాసన్ జిల్లాలో ఒక పల్లెటూరి శాఖకు వేశారు. కన్నడం ఒక్క ముక్క రాదు. నలుగురూ నవ్వుతారేమోనని మొదటి వారమంతా సైగలతోనే సరిపెట్టాను. మా శాఖ అటెండరు పెద్దాయన ఒకరు రోజూ పొద్దున టీ ఇస్తూ ఒక్క వాక్యం చెప్పేవాడు. ఆ రోజు ఎలాగైనా ఆ వాక్యం ఒక ఖాతాదారు దగ్గర వాడాలన్నది మా ఒప్పందం. మొదటిది, "స్వల్ప నిధానవాగి హేళి", కాస్త నెమ్మదిగా చెప్పండి అని. ఆ ఒక్క వాక్యంతో వారం గడిచింది. రైతులు నవ్వారు, నిజమే. నవ్వి ఊరుకోలేదు, నెమ్మదిగా చెప్పారు! ఆరు నెలలకు పంట రుణాల మేళాలో కన్నడంలో పది నిమిషాలు మాట్లాడాను. సర్జాపురకు వచ్చాక చూస్తే ఇక్కడి పాతకాపుల్లో చాలామంది ఇళ్ళలో మాట్లాడేది తెలుగే. ఆనేకల్లు, హోసూరు ప్రాంతాల్లో తరతరాలుగా తెలుగు ఉంది. అయినా నేను ముందు కన్నడంలోనే పలకరిస్తాను. కష్టపడి కూడబెట్టుకున్నది వాడకపోతే ఎలా?

ఇంతవరకూ చెప్పినవి మనంతట మనం పడే భయాలు. ఈ మధ్య మనల్ని పనిగట్టుకుని భయపెట్టి సొమ్ము చేసుకునేవాళ్ళు తయారయ్యారు. "డిజిటల్ అరెస్ట్" అనే మాట మీరు వినే ఉంటారు. మీ పేరుతో వచ్చిన పార్సిలులో మత్తుమందులు దొరికాయనీ, మీ ఆధార్ నంబరుతో నేరం జరిగిందనీ ఫోను చేస్తారు. పోలీసు దుస్తుల్లో వీడియోలో కనబడతారు. ఫోను పెట్టేయకూడదు, ఎవరికీ చెప్పకూడదు, విచారణ అయ్యేదాకా మీ డబ్బు ఫలానా ఖాతాకు మార్చాలి అంటారు. 2024 అక్టోబరు 27న ప్రధానమంత్రి తన రేడియో ప్రసంగంలో ఈ మోసం గురించి ప్రత్యేకంగా హెచ్చరించారు. మన చట్టాల్లో ఎక్కడా డిజిటల్ అరెస్ట్ అనేది లేనేలేదు. ఏ పోలీసూ వీడియోలో అరెస్టు చేయడు, ఏ అధికారీ ఫోనులో డబ్బు పంపమని అడగడు.

మా శాఖలోనే జరిగిన ఒక సంగతి చెబుతాను. ఊరూ పేరూ చెప్పను. డెబ్బై దాటిన ఒక మాస్టారు, మనవైపు ఊళ్ళో రిటైరై, కొడుకు దగ్గర ఉంటున్నారు. ఒకరోజు మధ్యాహ్నం ఒక్కరే వచ్చి ఫిక్స్‌డ్ డిపాజిట్లన్నీ రద్దు చేసి, ఒక కొత్త ఖాతాకు పంపమన్నారు. కౌంటరులో ఉద్యోగంలో చేరి ఏడాది కూడా కాని కన్నడ అమ్మాయి ఉంది. ఎవరి ఖాతా, దేనికోసం అని అడిగింది. "నా డబ్బు నాకివ్వడానికి ఇన్ని ప్రశ్నలా?" అని మాస్టారు గొంతు పెంచారు. వెనక వరసలో జనం గొణగడం మొదలుపెట్టారు. ఎదురుగా పెద్దవయసు ఖాతాదారు, పైనుంచి ఫిర్యాదు వస్తుందన్న భయం. అయినా ఆ పిల్ల కాగితాలు పక్కన పెట్టి నా దగ్గరకు వచ్చి, "సార్, అవరు తుంబా హెదరిద్దారె" అంది. ఆయన చాలా బెదిరిపోయి ఉన్నారని అర్థం.

ఆయన్ను లోపలికి పిలిచి కూర్చోబెట్టాను. ముఖంలో నెత్తురు చుక్క లేదు. చొక్కా జేబులో ఫోను. మాటిమాటికీ చెయ్యి దాని మీదకే పోతోంది. ఏమడిగినా "ఇంట్లో అవసరం" అన్న ఒక్కటే జవాబు. ఆయన సొమ్ము ఆయన అడుగుతుంటే ఎంతసేపని ఆపగలను? నాకూ గుండె దడగానే ఉంది. ఒక వోచరు వెనక తెలుగులో రాశాను. "మాస్టారూ, ఫోనులో ఎవరైనా వింటున్నారా? మాట్లాడకండి. అవునైతే పెన్ను కింద పెట్టండి."

ఆయన చదివారు. మళ్ళీ చదివారు. పెన్ను కింద పెట్టారు. కళ్ళ వెంట నీళ్ళు కారిపోయాయి.

ఆ ఫోను నేను లాక్కుని కట్ చేయవచ్చు. చేయలేదు. ఉత్తరుణ్ణి చెట్టెక్కించినట్టు ఆ పని ఆయన చేతే చేయించాలనిపించింది. "ఎర్ర గుర్తు నొక్కండి. నేను పక్కనే ఉన్నాను" అని రాసి చూపించి, లేచి వెళ్ళి ఆయన భుజం మీద చెయ్యి వేశాను. వేలు వణికింది. నిమిషం పట్టింది. నొక్కారు. మిన్ను విరిగి మీద పడలేదు.

ఫోను వెంటనే మోగింది. ఉలిక్కిపడ్డారు. మోగనివ్వండి అన్నాను. ఆగింది. మళ్ళీ మోగింది. మా అమ్మాయి మాట గుర్తొచ్చి, "లెక్కపెడదాం మాస్టారూ" అన్నాను. నాలుగోసారి మోగేటప్పటికి కాఫీ కప్పు చేతిలోకి తీసుకున్నారు. ఏడోసారికి, "వీడికి ఇంకేం పని లేదా?" అన్నారు. అప్పుడు చూశాను ఆయన ముఖంలో పాత బడిపంతులును.

అప్పుడు బయటపడింది అసలు సంగతి. ముందురోజు రాత్రి నుంచీ గది తలుపు వేసుకుని ఆ ఫోను ముందే కూర్చున్నారు. పక్క గదిలో కొడుకూ కోడలూ మనవలూ ఉన్నారు. ఎవరికీ చెప్పలేదు. "మావాడి ఉద్యోగం పోతుందన్నారు బాబూ. నావల్ల వాడికి మాట రాకూడదని..." అని ఆగిపోయారు. డబ్బు మిగిలింది గనుక ఊరట కలగాలి గదా! నా చేతులు పట్టుకుని, "దయచేసి మావాడికి చెప్పకండి. ముసలాయనకు ఈపాటి తెలియదా అనుకుంటాడు" అన్నారు. దొంగల భయం పోయింది. కన్నకొడుకు ముందు చులకనవుతానన్న భయం మాత్రం అట్లాగే ఉంది. ఆ మోసగాళ్ళు పెట్టుబడిగా పెట్టింది ఈ రెండో భయాన్నే.

"మీరే చెప్పండి మాస్టారూ, నేనిక్కడే కూర్చుంటాను" అన్నాను. ఆయనే నంబరు నొక్కారు. కొడుకు ఆ ట్రాఫిక్కులో పడి ముప్పావుగంటకు వచ్చాడు. చెమటలు కక్కుతూ లోపలికి వచ్చిన ఆ అబ్బాయి అన్న మొదటి మాట, "నాన్నా, పొద్దున్నుంచీ ఏమైనా తిన్నారా?" అని. మాస్టారు ఆ మాటకు తల అడ్డంగా ఊపి, చిన్నపిల్లాడిలా ఏడ్చేశారు. ముగ్గురం కలిసి 1930 నంబరుకు ఫిర్యాదు చేశాం. ఇది దేశమంతటికీ సైబరు నేరాల సహాయ నంబరు. గుర్తుండడానికి సులువు మార్గం చెబుతాను. గాంధీగారు దండికి నడిచిన సంవత్సరం 1930. డబ్బు పోయినవాళ్ళు ఎంత త్వరగా ఈ నంబరుకు చెబితే, ఆ సొమ్ము చేతులు మారకుండా ఆపే అవకాశం అంత ఎక్కువ.

మాస్టారి ఉదంతంలో నేను నేర్చుకున్నది ఒకటుంది. మోసగాళ్ళు ముందుగా చెప్పే షరతు "ఎవరికీ చెప్పకండి" అన్నది. వాళ్ళకు బాగా తెలుసు, భయం గుట్టులో పెరుగుతుందని. పక్కమనిషికి చెప్పిన మరుక్షణం అది సగమవుతుంది. అందుచేత మీకు వచ్చే ఏ భయానికైనా ఒక పరీక్ష పెట్టుకోండి. ఇది ఇంట్లో చెప్పవద్దని నాకు నేనో, ఇంకొకరో అంటున్నారా? అంటే గనుక ముందు ఇంట్లో చెప్పండి. వినేవాళ్ళకూ ఒక మాట. "ఇంతమాత్రానికేనా?" అని నవ్వకండి. ఆ నవ్వుకు భయపడే మన ఇళ్ళలో పెద్దలూ పిల్లలూ కూడా నోరు విప్పరు. పదో తరగతి మార్కులు తగ్గిన పిల్లవాడిదీ, డిపాజిట్లు రద్దు చేయబోయిన మాస్టారిదీ ఒకే జబ్బు. "తిన్నావా?" అన్న మాటే రెండింటికీ మొదటి మందు.

అన్ని భయాలూ ఇంటివైద్యంతో తగ్గవు. నిద్రపట్టనివ్వకుండా, పని చేసుకోనివ్వకుండా, కారణం లేకుండా గుండెదడ పుట్టించే భయం ఉంటే డాక్టరు దగ్గరకు వెళ్ళాలి. జ్వరానికి మందు వేసుకోవడంలో లేని నామోషీ దీనికెందుకు? మన బెంగుళూరులోనే నిమ్హాన్స్ ఉంది. కేంద్రప్రభుత్వం 2022 అక్టోబరులో ప్రారంభించిన టెలి మానస్ సేవకు 14416 నంబరుకు ఉచితంగా ఫోను చేయవచ్చు. తెలుగులోనూ మాట్లాడతారు.

ఇక ఖాతా తెరిచే పద్ధతి. మిమ్మల్ని వెనక్కు లాగుతున్న ఒక్క భయాన్ని కాగితం మీద రాయండి. దాన్ని ఎన్ని చిన్న మెట్లుగా విడగొట్టగలరో చూడండి. సభలో మాట్లాడాలంటే భయమా? ముందు ఇంట్లో నలుగురి ముందు నిలబడి నిన్నటి వార్త చెప్పండి. ఏటీఎం అంటే భయమా? మొదటిరోజు నిల్వ ఎంతుందో చూసి వచ్చేయండి. స్కూటరు నేర్చుకోవాలా? తెల్లవారుజామున ఖాళీ వీధిలో పది గజాలు. ఒక మెట్టు మీద దడ తగ్గేదాకా రెండో మెట్టు జోలికి పోకండి. ఒకరోజు వాయిదా తప్పితే ఖాతా మూసేయకండి, మర్నాడు కట్టండి.

మన సంఘం ఉగాది కార్యక్రమాల్లో పాటలకూ నాటికలకూ సమయం ఇస్తాం. వాటిమధ్య ఎప్పుడూ మైకు పట్టుకోని వాళ్ళకోసం ఒక పావుగంట కేటాయిస్తే బాగుంటుందని నా మనవి. మనిషికి రెండు నిమిషాలు చాలు. పక్కన నిలబడటానికి మనవడో కోడలో ఉండవచ్చు. తడబడితే చప్పట్లు ఇంకాస్త గట్టిగా కొడదాం.

జాయింటు ఖాతాదారుగా ఎవరిని పెట్టుకుంటారన్నది మీ ఇష్టం. మా అమ్మ మాత్రం మనవరాలిని పెట్టుకుంది. ఇప్పుడు ఇద్దరూ కలిసి బస్సు సంగతి ఆలోచిస్తున్నారు. ఈ వారం బస్‌స్టాపులో కూర్చుని, ఎక్కినవాళ్ళను లెక్కపెడుతున్నారట.